ఐదో గట్టు చెల్లెలు

మా సంఘం ఏటా జనవరిలో కుటుంబ సేవాయాత్ర చేస్తుంది. కొత్తగూడెంలో రెండు వ్యాన్లు మాట్లాడుకుని, సారపాక దాటి, గోదావరి వంతెన దాటి, చర్ల దారి పట్టి అడవి లోపలి ఊరికి వెళ్తాం. అక్కడ బడికి సున్నం వేస్తాం, మందులిస్తాం, పిల్లలతో పాటలు పాడిస్తాం, ప్రార్థన చేయమని అడిగినవాళ్ల ఇళ్లలో ప్రార్థన చేస్తాం. భార్యాభర్తలు, పిల్లలు కలిసి చేస్తేనే అది సేవ అంటారు మా పాస్టరు జైరాం గారు. అందుకే ఒక్కో కుటుంబం ఒక్కో ఇంట్లో దిగాలని పద్ధతి పెట్టారు. మంచి పద్ధతే. కాకపోతే అందులో పుష్పలత ఎక్కడా ఇమడదు.

పుష్పలతకు కుటుంబం లేదు. భర్త బొగ్గుబావిలో పనిచేసి, రిటైరైన కొన్నాళ్లకే షుగరు ముదిరి పోయాడు. పిల్లలు పుట్టలేదు. పుట్టింటివాళ్లు తల్లాడ వైపు ఉన్నారు గానీ, ఇష్టపడ్డవాణ్ణి చేసుకుందని ఆనాడు తెగిన రాకపోకలు మళ్లీ అతకలేదు. క్వార్టర్ ఖాళీ చేసి అదే బస్తీలో ఒక గది కిరాయికి తీసుకుని జాకెట్లు కుడుతుంది. మా సంఘంలో ఎవరు లావయ్యారో మాకంటే ముందు ఆమెకు తెలుస్తుంది. నోరు మెదపకుండా కుట్లు వదులు చేసి ఇస్తుంది. అంత మంచి మనిషి.

వ్యాన్ ఎక్కేముందు ప్రతి ఏడూ ఒక మాట పుడుతుంది: "పుష్పక్క ఎవరితోని?" అడిగేవాళ్లలో చెడ్డ ఉద్దేశం ఏమీ ఉండదు. సంచులు సర్దుకుంటూ, పిల్లల్ని ఎక్కిస్తూ అడుగుతారు. ఆమె చేతి కుట్టుమిషను పట్టుకుని, ఎవరో ఒకరు "మాతోని రా అక్కా" అనేదాకా వ్యాన్ పక్కన నిలబడుతుంది. ఆ నిలబడడం చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ముందే ఒకమాట అనుకుని ఉంటే వీళ్ల సొమ్మేం పోయింది? ఒకసారి ఆమెనే అడిగాను, బాధనిపించదా అని. "అలవాటైంది" అంది. మళ్లీ తనే, "కాలేదులే" అంది.

మొన్న జనవరిలో ఆమెను రవీందర్, శ్రావణి దంపతులతో కలిపారు. వాళ్లకో చిన్న కొడుకు. వాళ్లకు బస ఇచ్చింది కన్నమ్మ అనే కోయ పెద్దావిడ. ఆమె మా సంఘంలో చేరిన మనిషి కాదు, వాళ్ల వేల్పులు వాళ్లకున్నారు. అయినా పాస్టరు గారు అడిగితే వసారా ఇచ్చింది. నేను, మా ఆయన, ఇద్దరు పిల్లలం దిగింది పక్కింట్లోనే. సామాను దించామో లేదో పిల్లవాడికి ఒళ్లు కాలిపోయేంత జ్వరం. రవీందర్, శ్రావణి వాణ్ణి ఎత్తుకుని భద్రాచలం దవాఖానాకు వెళ్లారు, యాత్ర అయ్యేదాకా తిరిగి రాలేకపోయారు. పుష్పలత ఆ వసారాలో ఒక్కతే మిగిలింది. మా దగ్గరికి రమ్మని పిలిచాను. "మీరే నలుగురున్నరు, ఇంక నాకు చోటేడుంది?" అని రాలేదు.

కన్నమ్మ ఆమెను కాసేపు ఎగాదిగా చూసింది.

"మీది ఏ గట్టు?" అని అడిగింది.

మనకు గట్టంటే పొలం గట్టు, గోదారి గట్టు. ఏ వైపు మనిషివని అడుగుతోంది కాబోలు అనుకుంది పుష్పలత. మా కొత్తగూడెంలో బొగ్గుబావుల పేర్లే బస్తీల పేర్లు. అందుకని ఉన్నమాట చెప్పింది.

"మాది ఐదో ఇంక్లైనమ్మా."

ఇంక్లైన్ అంటే బొగ్గుబావి అని కన్నమ్మకు తెలియదు. ఐదో అన్న మాట మాత్రం తెలుసు.

"ఐదో గట్టా! ముందే చెప్పొద్దా? మాది గూడ ఐదో గట్టే. అయితే నువ్వు నాకు చెల్లెవు." గబగబా వచ్చి చేయి పట్టుకుని లోపలికి కేకేసింది. "పగిడయ్యా, ఇటు రా. మీ చిన్నమ్మొచ్చింది."

పగిడయ్య ఆమె కొడుకు. జామాయిల్ కర్ర కొట్టే పనికి వెళ్తాడు. నలభై దాటిన ఆ మనిషి చేతులు కడుక్కుని వచ్చి దండం పెట్టాడు. "మంచిగున్నవా చిన్నమ్మా? గీ వసారాల ఎందుకు, లోపలికి రా" అని ఆమె సంచి తనే అందుకున్నాడు.

పుష్పలతకు ఏమీ అర్థం కాలేదు. కానీ చేయి పట్టుకుని లోపలికి తీసుకెళ్తుంటే వద్దనేంత బలం ఆమెకెక్కడిది? మర్యాదకు వరస కలిపారనుకుంది. బస్సులో పక్క సీటావిడను మనం అక్కా అనమా?

మర్నాడు ఆమె బడి దగ్గరికి వచ్చినప్పుడు తల నున్నగా దువ్వి ఉంది, ఇప్పనూనె వాసన. మొఖం వెలిగిపోతోంది. ఏంటి సంగతి అన్నాను. "మా అక్క నూనె పెట్టింది" అంది. మా అక్కట! నీళ్ల బిందె ఎత్తబోతే కోడలు లాక్కుందట. అన్నం కొంచెమే పెట్టుకుంటే, "గింతే తింటవా, మనిషివా పిట్టవా?" అని కన్నమ్మ కసిరిందట. ఆ కసురును నాకు రెండుసార్లు చెప్పింది. ఆమెను కసిరేవాళ్లు పోయి చాలా ఏళ్లయింది.

ఆ మధ్యాహ్నం పగిడయ్య చొక్కాకు గుండీ కుడుతుంటే అతనే చెప్పాడు.

"రేపు చిక్కుడు పండుగ చిన్నమ్మా. కొత్త చిక్కుళ్లు వేల్పులకు, పోయిన పెద్దలకు పెట్టినంక మనం తింటం. నువ్వు సమయానికొచ్చినవని అమ్మ కాళ్లు నేల మీద ఆనతలేవు."

"ఊరోళ్లందరొస్తరా?"

"పెద్దలకు పెట్టే కుండల వండింది మన గట్టోళ్లకే. బయటోళ్లు తింటె పెద్దలు ఊకోరు. మీ సంఘపోళ్లకు వేరే వండి వాకిట్ల పెడ్తం."

"గట్టంటే ఏంది బిడ్డా?"

పగిడయ్య నవ్వాడు. "బస్తీల వడి గట్టు గూడ మర్చిపోయిన్రా? ఒక్క గట్టోళ్లంటే ఒక్క కడుపుల పుట్టినోళ్ల లెక్క. బతికినా సచ్చినా వాళ్లే వస్తరు. ఐదో గట్టని నువ్వే చెప్తివి గద."

సూది వేలికి గుచ్చుకుందంటే కథ రక్తి కడుతుంది గానీ, అలాంటిదేమీ జరగలేదు. ఆమె గుండీ కుట్టడం పూర్తిచేసి, దారం పంటితో తెంపి, "అవ్" అంది.

సాయంత్రం మా దగ్గరికి వచ్చి ఇదంతా చెప్పింది. నేను తేలిగ్గానే కొట్టేశాను.

"చెప్పకు. ఎల్లుండి పోతం. ఎవరికి తెలుస్తది?"

"పండుగ వాళ్లది. నేను తింటే వాళ్ల పెద్దలు కోపం చేస్తరని గద వాళ్ల భయం."

"నువ్వు తెలిసి చేసిన తప్పా?"

"నిన్న తెల్వదు. ఇప్పుడు తెలిసె."

వేల్పులకు పెట్టిన తిండి మనం తినొచ్చా అన్న గుబులూ ఆమెకు ఉంది. కానీ అది రెండో గుబులు. అసలు గుబులు వేరు. చెబితే అక్క పోతుంది, చెప్పకపోతే అక్కను మోసం చేసినట్టవుతుంది. "నన్ను చిన్నమ్మా అని ఇంతవరకు ఒక్కరు పిలవలే తెలుసా" అంది. "ఆంటీ అంటరు, సిస్టరంటరు, టైలరమ్మ అంటరు. ఇంకొక్క రోజు చెల్లెలుగ ఉంటే దేవునికేం తక్కువైతది?" అని ఏడ్చింది. నేను పట్టుకుని కూర్చున్నాను.

పండుగ రోజు పొద్దెక్కాక కన్నమ్మ ఇంట్లో కుండ దించారు. మాకు వాకిట్లో అడ్డాకు విస్తర్లు వేశారు. ఎవరి కుటుంబం వాళ్లు గుంపుగా కూర్చుని, పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుంటున్నారు. కన్నమ్మ లోపల తన విస్తరి పక్కనే ఇంకో విస్తరి వేసి, చెల్లెల్ని పిలిచింది. పుష్పలత గడప దగ్గరే ఆగింది.

"అక్కా, నేను లోపలికి రాను."

"ఎందుకే?"

"నాది ఐదో గట్టు కాదు. నాకు ఏ గట్టూ లేదు. ఐదో ఇంక్లైనంటే బొగ్గుబాయి. మా బస్తీ పేరు. నువ్వు అడిగింది నాకు తెల్వలే."

కన్నమ్మకు అర్థం కాక కొడుకు వైపు చూసింది. పగిడయ్య కోయ మాటలో ఏదో చెప్పాడు. లోపల కూర్చున్నవాళ్లంతా గడప వైపు తిరిగారు. కన్నమ్మ కోప్పడుతుందనుకున్నాను. కోప్పడలేదు. బిత్తరపోయి అడిగింది.

"ఏ గట్టూ లేకుంట మనిషెట్లుంటది? నీకేమన్నయితే ఎవరొస్తరు?"

"మా సంఘమొస్తది" అంది పుష్పలత.

కన్నమ్మ వాకిట్లో మా వైపు చూసింది. ఎవరి గుంపులో వాళ్లం అన్నాలు కలుపుకుంటున్నాం.

లేచి, తన పక్కన వేసిన విస్తరిని తన చేత్తోనే తీసి, బయట వసారాలో తడిక గోడవారగా వేసింది. మా కోసం వండిన కుండలోంచి అన్నం, పప్పు తెచ్చి వడ్డించి లోపలికి వెళ్లింది. అందులో కసి లేదు, జాలి లేదు. వాళ్ల ఆచారం అది. పగిడయ్య చెంబుతో నీళ్లు తెచ్చి, కాస్త దూరంగా పెట్టి, "నీళ్లు మేడం" అన్నాడు. విస్తరి తీసినందుకు బాధపడలేదని పుష్పలత నాతో తర్వాత చెప్పింది. "నీళ్లు మేడమంటే మాత్రం ఓర్చుకోలేకపోయిన. ఎంత మర్యాదగ అన్నడో!"

మా గుంపులోకి రమ్మని చెయ్యి ఊపాను. తల అడ్డంగా ఊపింది. వెదురు తడికకు వీపు ఆనించి, విస్తరి ముందు ఒక్కతే కూర్చుంది. ముద్ద కలిపింది గానీ నోటికి పోలేదు.

అప్పుడు తడిక అవతల నుంచి కన్నమ్మ గొంతు వచ్చింది.

"ఏమే, తింటున్నవా?"

"ఆ."

"నేను కుండ ముంగట కూసున్న. పెద్దదాన్ని, తినుడు అయ్యేదాక లేవొద్దు. అటు రాలేను. నువ్వు తినుకుంట మాట్లాడు, నేను వింట."

అన్నం ముందు కూర్చున్న పుష్పలతను మాట్లాడమన్న మనిషి ఇన్నేళ్లలో లేదు. తడిక వైపు తల తిప్పింది, మళ్లీ విస్తరి వైపు తిప్పింది. కళ్లు తుడుచుకుంది. పెదవులు కదిలీ కదలకుండా, "పప్పు మంచిగుంది" అంది.

"ఇనపడలే" అంది కన్నమ్మ లోపల్నుంచి. "గట్టిగ చెప్పు."