మా అన్న వీపు మీద పొట్టు

మా అన్న సంజీవప్ప ఏడ్చే పిల్లలను చూసి ఊరుకోలేడు. హిందూపురం పట్టుగూళ్ళ మార్కెట్లో తూకం వేసినన్నాళ్ళూ, గూళ్ళు అమ్ముకోవడానికి వచ్చిన రైతుల బిడ్డలు ఆయన భుజం మీదే నిద్రపోయేవారు. పని మానేశాక తన వీధిలోని పిల్లలను చేరదీశాడు. అలాంటి మనిషి సొంత మనవరాలి ఉయ్యాల దగ్గరికి కూడా రావడం లేదని కోడలు మాధవీలత ఫోన్లో ఏడిస్తే నేను మొదట నమ్మలేదు.

"ఆడపిల్లని మామకు ఇష్టం లేనట్టుండాది అత్తా. ఇట్లే ఉంటే బిడ్డనెత్తుకుని కదిరికి పోయి మా అమ్మ దగ్గరే ఉంటా" అంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. కోపమొస్తే ముందూ వెనకా చూసే అలవాటు నాకు పుట్టుకతోనే లేదు. మరునాడే ధర్మవరంలో రైలెక్కాను. పెనుకొండ దాటేదాకా అన్న కోసం తిట్లు పోగేసుకుంటూనే ఉన్నాను.

వెళ్ళేసరికి అన్న వసారాలో ఒక్కడే కూర్చుని ఉన్నాడు. ఎండాకాలమంతా చొక్కా ముట్టని మనిషి మెడదాకా గుండీలు పెట్టుకున్నాడు. తన గ్లాసూ పళ్ళెమూ తన పక్కనే వేరుగా పెట్టుకున్నాడు. రాత్రిళ్ళు గదిలోకి రాకుండా హాల్లో సోఫా మీదే పడుకుంటున్నాడని మా వదిన పుట్టమ్మ చెప్పింది.

ఆ సోఫా కాఫీరంగు రెగ్జిన్ది. ఎర్రమంచి కార్ల ఫ్యాక్టరీలో పనిచేసే కొడుకు శ్రీకాంత్ పెళ్ళికి ముందు కొన్నాడు. వదిన దాన్ని కంటికి రెప్పలా చూసుకుంటుంది. వీపు ఆనించే చోట తాను అల్లిన లేసుగుడ్డ కూడా కప్పింది. కొన్ననాటి కంటే ఇప్పుడే ఎక్కువ మెరుస్తోంది.

"ఏమన్నా, మనవరాలు అంత చేదైపోయిందా నీకు?" అని నిలదీశాను.

"అట్ల కాదులే ఉలిగమ్మా" అని నీళ్ళు నమిలాడు.

"మరి ఎట్ల? నీ కోడలు మూట కట్టుకునేదాకా చూస్తావా?"

ఆ మాటకు లేచాడు. నన్ను పెరట్లో బట్టలుతికే బండ దగ్గరికి తీసుకుపోయి, ఎవరూ చూడటం లేదని నమ్మకం కుదిరాక చొక్కా విప్పి వీపు చూపించాడు. మెడ కింద, భుజాల మీద గోధుమరంగు పొట్టు అతుక్కుని ఉంది. దగ్గరికి పోబోతే ఉలిక్కిపడి వెనక్కి జరిగాడు.

"ముట్టుకోవాకు. దినామూ రాలుతాండాది. దుప్పటి నిండా ఇదే. నాయన జబ్బే నాకూ వచ్చింది."

మా నాయనకు ఒళ్ళంతా పొట్టు రాలేది. పశువుల కొట్టం పక్క గదిలో వేరుగా ఉండేవాడు. ఆయన అన్నం వేరు, చెంబు వేరు. అలాగే ఉండి, అలాగే పోయాడు.

"పసిబిడ్డ గదా. దానికి అంటుకుంటే ఆ పాపం నేను యాడ పెట్టుకునేది?" అన్నాడు అన్న. "దాని ఏడుపు వినబడితే చెవులు మూసుకుని బయటికి పోతాండా."

రైల్లో పోగేసుకున్న తిట్లన్నీ ఎటుపోయాయో తెలియదు. రేపు ఆసుపత్రికి పోదామన్నాను. అంతదాకా ఎవరికీ చెప్పొద్దని నా చేత మాట తీసుకున్నాడు.

మధ్యాహ్నం అన్నం సయించలేదు. ఫ్యాను కింద సోఫాలో వెనక్కి వాలి, ఆలోచిస్తూ ఆలోచిస్తూ కునుకు తీశాను. కళ్ళు తెరిచేసరికి అన్న ఎదురుగా నిలబడి నా మెడ వంకే చూస్తున్నాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"నీకూ అంటించినానే" అని గోడకు ఆనుకుని కూలబడ్డాడు.

మెడ తడుముకుని చూసుకుంటే నా వేళ్ళకూ, మోచేతి మీదా అదే గోధుమరంగు పొట్టు. ఒక్క నిమిషం నేనూ నమ్మాను. ఆయన ఏడుపు విని లోపలి నుంచి వదిన, బిడ్డను చంకనేసుకుని మాధవీలత పరుగెత్తుకొచ్చారు. ఇక దాచేదేముంది, అన్న అంతా చెప్పేశాడు. మాధవీలత నా చేతి మీంచి ఒక పొట్టు గిల్లి తీసి, రెండు వేళ్ళతో లాగింది. అది రబ్బరులా సాగింది.

"చర్మం ఇట్ల సాగుతుందా మామా? ఇది సోఫాది" అని లేసుగుడ్డ లాగి పారేసింది.

గుడ్డ చాటున సోఫాకు మూరెడు మేర పైపొర లేచిపోయి, లేసు కన్నాల్లోంచి రాలుతూ, లోపలి తెల్లబట్ట కనబడుతోంది. అందరం వదిన వైపు తిరిగాం.

"మెరుస్తాదని శుక్రవారం శుక్రవారం కొబ్బరినూనె పట్టించినా. అయినా ఊడిపోతాండాది, శ్రీకాంత్ చూస్తే బాధపడతాడని గుడ్డ కప్పినా" అంది పుట్టమ్మ.

"అది తోలు కాదత్తా. బట్ట మీద పూసిన పూత. నూనె తాగితే మెత్తబడి లేస్తుంది" అంది మాధవీలత.

మా అన్న చేసిన ఘనకార్యం అప్పుడర్థమైంది. ఇంట్లోవాళ్ళకు అంటకూడదని ఈ మహానుభావుడు దూరంగా పడుకున్నది ఆ సోఫా మీదే. మొదట ఫ్యాను కింద చొక్కా లేకుండా వాలినప్పుడు అంటుకుంది; ఆపైన పడుకున్నకొద్దీ పొట్టు, పొట్టు చూసినకొద్దీ దూరం. నాకు నవ్వాగలేదు. నవ్వుతూనే వీపు మీద ఒక్కటిచ్చాను. నా నెత్తిన పాలు పోసినట్టయింది.

సాయంత్రం సోఫా సేవ మొదలైంది. మాధవీలత చెప్పినట్టు కొంచెం సబ్బు కలిపిన నీళ్ళలో మెత్తటి గుడ్డ ముంచి, గట్టిగా పిండి, జిడ్డంతా మెల్లగా తుడిచాం. మంచినీళ్ళ గుడ్డతో మళ్ళీ తుడిచి, పొడిగుడ్డతో తడి లేకుండా చేశాం. ఎండలో పెడదామని వదిన అంటే, పూత పగులుతుందని మాధవీలత వద్దంది. ఊడిన చోటు ఎలాగూ అతకదు కాబట్టి దాని మీద నూలుదుప్పటి పరిచాం. ఇక నూనె జోలికి పోతే ఊరుకోనని వదినతో నేనే చెప్పాను.

అన్న స్నానం చేసి వచ్చాడు. మాధవీలత ఎదురెళ్ళి బిడ్డను ఆయన చేతుల్లో పెట్టింది. బిడ్డ తల మీద ముఖం ఆనించి అలాగే ఉండిపోయాడు.

"ఒకవేళ మీ నాయనకొచ్చింది మీకొచ్చినా బిడ్డనెత్తుకోవచ్చు మామా" అంది మాధవీలత. కాన్పుకు ముందు ఆ పిల్ల మెడికల్ షాపులో పనిచేసేది. "మీరు చెప్పేదాన్ని బట్టి అది సోరియాసిస్ అయ్యుంటుంది. ముట్టుకుంటే అంటుకునేది కాదు."

నేను చిన్నప్పుడు మా నాయన గది గడప తొక్కితే చాలు, కట్టె చూపించి అరిచేవాడు. నేనంటే ఆయనకు గిట్టదనే ఇన్నేళ్ళూ అనుకున్నాను. పోయినప్పుడు కూడా నాకు పెద్దగా ఏడుపు రాలేదు.

"ఏమైందత్తా, ఎందుకేడుస్తాండావు?" అంది మాధవీలత.

"ఏంల్యా. మా నాయనకు నేనంటే ఇష్టమే ఉండెనేమో" అన్నాను.