తోమా వేలు

అక్టోబరు పన్నెండు, ఆదివారం. పొద్దున్నే పాలకు వెళ్తుంటే కొవ్వూరు మెయిన్ రోడ్డు మలుపులో మా డ్రాయింగ్ మాస్టారు తెల్లకోటు వేసుకుని కనిపించారు. ఫ్లెక్సీ మీద. కింద ‘కన్నీటి నివాళి’ అని ఉంది. ఆయన పోయారని నాకు తెలిసింది అలా.

మీలో కొందరు ఆ ఫ్లెక్సీ చూసే ఉంటారు. నాకైతే చింపేయాలనిపించింది. ఎవరిదో కోటు మీద ఆయన తల అతికించారు. చామనఛాయ ముఖానికి పిండి రాసినట్టు తెల్లరంగు. ఒక్క నీడ లేదు. ముప్పై ఏళ్లు ఈ ఊరి దుకాణాలకు బోర్డులు రాసి, ఫ్లెక్సీలు వచ్చాక పని పోగొట్టుకున్న మనిషికి ఫ్లెక్సీతోనే వీడ్కోలు చెప్పారు.

నేను ఇంటర్ చదువుతూ సాయంత్రాలు ఆయన దగ్గర ఆయిల్ పెయింటింగ్ నేర్చుకుంటున్నాను. పది నెలలుగా ఒకే బొమ్మ. నాలుగు వందల ఏళ్ల కిందట ఇటలీలో వేసినది. చనిపోయి తిరిగి లేచిన క్రీస్తును నమ్మలేక, శిష్యుడు తోమా ఆయన పక్కటెముకల దగ్గరి గాయంలో వేలు పెట్టి చూస్తాడు. చుట్టూ చీకటి. నాలుగు తలలు, ఒక వేలు. మాస్టారు వాళ్ల చర్చి కోసం దాన్ని చూసి వేస్తున్నాం. పాత పుస్తకంలోని బొమ్మ మీద, బోర్డులు రాసే పద్ధతిలోనే గళ్లు గీసి, కాన్వాసు మీదికి పెంచారు మాస్టారు.

మొదటి రోజే తప్పు చేశాను. చీకటే కదా అని ట్యూబులోని నలుపు పూసేశాను. ఆయన కత్తి తీసి మొత్తం గీకేశారు.

“చీకటంటే ఏంటనుకున్నావమ్మా, షట్టరుకి కొట్టే రంగా? గోధుమ రంగు వెయ్యి. ఆరనీ. పైన నీలం పల్చగా వెయ్యి. ఆరనీ. అందులో చెయ్యి పెడితే మోచేతి దాకా పోవాలి.”

“ఎన్నాళ్లు ఆరాలండీ?”

“వారం. అవిసె నూనె ఇది. నీ తొందర దానికి తెలీదు.”

అవిసె. ఆ మాటని ఇంటికెళ్లేదాకా నోట్లో తిప్పుకున్నాను. తడి ఆరేదాకా బొమ్మని ఎవరూ ముట్టుకోకూడదు. ఆయనైనా సరే. అదొక్కటే ఆయన పెట్టిన నియమం.

ఓసారి చర్చి పెద్ద ఒకాయన వచ్చి, పుస్తకంలోని బొమ్మ చూసి మొహం చిట్లించారు. “శిష్యుడి గోళ్లలో మట్టేంటండీ మాస్టారూ? మీరేసేటప్పుడు కాస్త శుభ్రం చేసెయ్యండి.”

“వలలు లాగినోళ్లండీ వాళ్లు. ఓసారి ఉప్పాడ వెళ్లి ఎవరి గోళ్లు తెల్లగా ఉన్నాయో చూసి రండి. అలాగే వేసేస్తాను.”

మాస్టారి మీద కూడా నాకు కోపమే. అన్నీ వేయించారు, వేలు మాత్రం వెయ్యనివ్వలేదు. అడిగినప్పుడల్లా తన చూపుడు వేలు నా ముందు పెట్టేవారు. గోటి అంచున ఏ సబ్బుకీ పోని గోధుమ రంగు. “ముందు దీన్ని చూడు. చూసేశానని నీకనిపించిన రోజు ఇంకోసారి చూడు.” ఎన్నిసార్లు చూశానో! ఇప్పుడు వెయ్యమని చెప్పకుండానే వెళ్లిపోయారు. కాన్వాసులో ఆ చోటు ఖాళీగా ఉంది.

మధ్యాహ్నం సమాధి దగ్గర్నుంచి వచ్చాక అదే పెద్దాయన మాస్టారి వరండాలో నిలబడి, “రేపు పదింటికి బొమ్మ పట్టుకెళ్తామండి, జ్ఞాపకార్థ కూడికలో పెడదాం” అన్నారు. “ఆ వేలు మన ఫ్లెక్సీ షాపాయన ప్రింటు తీసి చక్కగా అతికించేస్తాడు. శుభ్రమైన గోళ్లతో.”

“అది మాస్టారు వేసిన బొమ్మండీ!” నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

“నీకెందుకమ్మా, చిన్నపిల్లవి.”

నేను వచ్చేస్తుంటే మాస్టారి భార్య గేటు దాకా వచ్చి, పని గది తాళంచెవి నా చేతిలో పెట్టారు. “పొద్దున ఆరు దాటగానే ఆ కిటికీలోంచి ఎండొస్తుందమ్మా” అన్నారు.

మధ్యాహ్నం శవపెట్టె మూసే ముందు మాస్టారి చేతులు చూశాను. ఎవరో శ్రద్ధగా కడిగారు. అయినా చూపుడు వేలి గోటి అంచున ఆ గోధుమ రంగు అలాగే ఉంది.

రేపు ఆరింటికి వెళ్తాను. ఆ వేలే వేస్తాను, గోటి అంచుతో సహా. పదింటికి వాళ్లు వచ్చేసరికి అది పచ్చి తడిగా ఉంటుంది.