నేను లెక్కపెట్టిన పీతలు

తెనాలిలో పుట్టి, సముద్రాన్ని రెండే రెండుసార్లు చూసిన మనిషి చేతిలో ఓ ఉప్పుటేరు ఆరోగ్యం పెడితే ఎంత ఘోరం జరుగుతుందో చెబుతాను. మీకు నవ్వొస్తే నవ్వండి. నాకైతే ఇప్పటికీ పూర్తిగా రాదు.

రెండు వేల అయిదో, ఆరో. జువాలజీ పీజీ పూర్తిచేసి, రేపల్లె దిగువన మడ అడవుల ఆరోగ్యం పరీక్షించే తాత్కాలిక ఉద్యోగంలో చేరాను. బురద మీద చదరపు చట్రం పెట్టి అందులోని పీత బొరియలు లెక్కపెట్టడం నా పని. బొరియలు ఎక్కువుంటే పీతలు ఎక్కువ, పీతలు ఎక్కువుంటే ఏరు క్షేమం. కొన్ని బొరియల్లో చెయ్యిపెట్టి చూడాలని కూడా కాగితంలో ఉంది. నా వేళ్లంటే నాకు ప్రీతి కనక ఆ వాక్యాన్ని చదవనట్టే ఊరుకున్నాను.

దారి చూపించడానికి నాగమ్మ వచ్చింది. బొరియల్లోంచి కొక్కెంతో పీతలు లాగి అమ్ముకునే మనిషి. ఎగువనున్న రొయ్యల చెరువుల మురుగు ఏట్లోకి వదలడం మొదలయ్యాక ఆమె బుట్ట నిండటం లేదు. నా రిపోర్టు చూసి ఆ మురుగు మళ్లిస్తారని ఆమె ఆశ.

"పైపైన లెక్కెట్టుకుపోతే ఎట్టా బాబూ? చెయ్యెట్టి చూడు."

"అక్కర్లేదు పిన్నీ. దీనికో శాస్త్రం ఉంది."

"శాస్త్రం చదివితే లోపల పీతుందో లేదో పైనించే కనపడుద్దా?"

"అంచనా పిన్నీ, అంచనా!"

బాపట్లలో అధికారుల మీటింగులో నా అంచనాను గట్టిగా చదివారు. పీతల సంఖ్య సంతృప్తికరం, కాబట్టి మురుగు మళ్లించనక్కర్లేదు. అందరూ తలలూపి బజ్జీలు తిన్నారు. నేను నాలుగు తిన్నాను.

వారం తర్వాత వెళ్తే నాగమ్మ ఖాళీ బుట్ట నా ముందు పెట్టింది.

"అన్ని పీతలున్నాయని రాశావంట గదా. ఈ పూటకి ఒక్కటి పట్టిచ్చి పో."

పౌరుషానికి పోయి వరసగా పది బొరియల్లో చెయ్యిపెట్టాను. కుళ్లు బురద తప్ప ఏమీ లేదు.

"ఎప్పుడో చచ్చినయ్యి బాబూ. కొంపలే మిగిలినయ్యి."

సిగ్గేసి, ఇంకొక్కటి చూద్దామని వంగాను. పదకొండో బొరియలో చెయ్యి పెట్టీపెట్టగానే కెవ్వుమన్నాను. బొటనవేలికి పీత వేలాడుతోంది! నాగమ్మ నెమ్మదిగా దాన్ని విడిపించి, కాసేపు చూసి, మళ్లీ బొరియలోకే వదిలేసింది.

"ఇదొక్కటే మిగిలినట్టుంది. దీన్నన్నా బతకనీ."

ఆ పూట ఆమె ఖాళీ బుట్టతోనే ఇంటికి పోయింది. నేను రేపల్లె చేరి, 'చూడకుండా రాశాను, బొరియల్లో పీతల్లేవు' అని తప్పు ఒప్పుకుంటూ ఉత్తరం రాశాను. వేలు వంకాయంత వాచింది కనక, అదే కవర్లో సెలవు చీటీ కూడా పెట్టాను.

మా అధికారి పిలిపించాడు.

"ఏమయ్యా, ఒక కాగితంలో పీతల్లేవంటావు. రెండోదాంట్లో పీత కరిచిందని సెలవడుగుతావు. ఏంటిది?"

"రెండూ నిజమేనండి."

"అట్టా కుదరదు. సెలవు శాంక్షన్ చేశాను. అంటే పీతలున్నట్టే!"

మురుగు అలాగే పారింది. నాగమ్మ కొక్కెం అటకెక్కించి, చెరుకుపల్లి వైపు వరినాట్లకు కూలికి పోయింది.

అందుచేత పాఠక మహాశయుల సమక్షంలో ప్రమాణం చేస్తున్నాను: చెయ్యిపెట్టి చూడని బొరియను ఈ జన్మలో లెక్కలో రాయను. ఒకవేళ ఏదైనా కరిచినా, సెలవు చీటీలో మాత్రం జ్వరమనే రాస్తాను.