ఎడమవైపుగా చుట్టిన పట్టీ

2024 జూన్ 16, ఆదివారం, ఉదయం ఐదున్నర గంటలకు జాలరిపేటలోని మా ఇంటి అరుగు మీద కూర్చొని టెన్నిస్ రాకెట్ పిడికి కొత్త గ్రిప్పు పట్టీ చుట్టడం మొదలుపెట్టాను. ఏడు గంటలకు ఆట ఉంది. చేపల వేట నిషేధం ముగిశాక మా అన్న పనిచేసే బోటు తొలిసారి సముద్రం మీదికి బయలుదేరేది కూడా ఆ ఉదయమే.

క్రిందటి ఆదివారం బంతిని బలంగా కొట్టబోతే, చెమట పట్టిన నా చేతిలోంచి రాకెట్ జారి, నాతో జోడీగా ఆడుతున్న మా ఆఫీసు మేనేజరు గారి ముఖం పక్కనుంచి దూసుకుపోయింది. ఆయన కళ్లజోడు ఎగిరి కింద పడింది.

“ఏటయ్యా, బాలు కొట్టమంటే బేటు ఇసిరేత్తన్నావ్?” అని నవ్వి, ఆయన నా రాకెట్ పిడి పరిశీలించారు. “నీది పుర్ర చెయ్యి. ఇది కుడిచేతోళ్లకి సుట్టింది. నీ చేతికింద అంచు లేచిపోతాది. తిరగేసి సుట్టుకో.”

ఆయన నవ్వారు గాని, ఆ వారమంతా నేను సరిగా నిద్రపోలేదు. మా ఇంట్లో డిగ్రీ చదివి ఆఫీసులో కుర్చీ సంపాదించిన మొదటివాణ్ణి నేను. ఒక మనిషి కన్ను పోగొట్టినవాణ్ణి అవుతానేమోనని భయపడ్డాను.

పాత పట్టీ ఊడదీశాను. కొత్తదాని మీది పల్చని ప్లాస్టిక్ పొర ఒలిచాను. సన్నగా ఉన్న కొసను పిడి అడుగున అంటించి, పట్టీని కొంచెం సాగదీస్తూ, ఒక చుట్టు అంచు మీదికి మరో చుట్టు కాస్త ఎక్కేలా పైకి తీసుకువెళ్లాలి. అడుగు భాగం నావైపు పెట్టుకొని ఎడమవైపుగా తిప్పుతున్నాను. అంతలో అమ్మ కాఫీ గ్లాసుతో వచ్చి ఆగిపోయింది.

“ఏటిరా అది? అటేపు సుడతన్నావేటి?”

నాకు వెంటనే అర్థమైంది. మా ఇంట్లో దీపం తిప్పినా, గుడి చుట్టూ తిరిగినా కుడివైపుగానే. నాన్న చితి చుట్టూ మాత్రమే అన్న కుండ భుజాన పెట్టుకొని ఎడమవైపుగా తిరిగాడు.

“నా చేతివాటానికి ఇలాగే చుట్టాలమ్మా.”

“అన్న గంగమ్మ మీదకెళ్తన్నాడు. ఈ పొద్దే సుట్టాలా?”

అన్న సంచి సర్దుకుంటూ లోపలినుంచి వచ్చాడు. “ఓలమ్మా, ఆడు బేటుకి గుడ్డ సుడితే నా బోటు మునిగిపోద్దేటి?”

“నోరు ముయ్యి! బయల్దేరీముందు ఆ మాటలేటి?” అమ్మ కసిరింది.

నేను పట్టీ విప్పి, కుడివైపుగా చుట్టాను. పిడిని ఎడమచేత్తో బిగించి పట్టుకొని ఊపి చూశాను. నాలుగు ఊపులకే వేళ్ల కింద అంచు లేచింది. మేనేజరు గారి ముఖం కళ్లముందు నిలిచింది. ఉన్నది ఒక్క పట్టీ. మరోసారి విప్పితే కొసన జిగురు నిలుస్తుందో లేదో తెలియదు. అమ్మ నా చేతులనే చూస్తోంది. నా చదువు ఆ క్షణంలో నాకేమీ ధైర్యం ఇవ్వలేదు. శకునం అబద్ధమని తెలుసు. అయినా అన్న వైపు చూడలేకపోయాను.

“సుట్టీరా. ఎవుడి కన్నైనా పోతే అదీ పాపమే,” అన్నాడు అన్న, సంచి భుజాన వేసుకుంటూ. రాకెట్ జారిన సంగతి అన్నకు అప్పుడే చెప్పాను.

విప్పి మళ్లీ ఎడమవైపుగా చుట్టి, మిగిలిన ముక్క కత్తిరించి, చివర టేపు బిగించాను. అమ్మ లోపలికి వెళ్లి కల్లుప్పు తెచ్చి అన్నకు దిష్టి తీసింది.

ఆటలో రాకెట్ జారలేదు. ఎవరు గెలిచారో నాకు గుర్తులేదు. మధ్యాహ్నానికి గాలి పెరిగింది. అన్న తిరిగొచ్చేదాకా, మద్దిలపాలెంలోని మా ఆఫీసుకు వెళ్లిన ప్రతిరోజూ ఫోను తెర కనబడేలా బల్ల మీద పెట్టుకొని కూర్చున్నాను. అది మోగితే భయం, మోగకపోతే మరింత భయం.

వారం తిరిగాక అన్న క్షేమంగా వచ్చాడు. అప్పటినుంచి గ్రిప్పు ఎడమవైపుగానే చుడుతున్నాను. కాని అన్న బోటు సముద్రం మీద ఉన్న రోజుల్లో, పట్టీ ఎంత అరిగినా, మార్చడం లేదు. ఆ రోజుల్లో ఆటకే వెళ్లడం లేదు.