దగ్గు లేని కొలత

ఏనుగు మా తాతయ్య కొట్టుకొచ్చి ప్యాంటు కుట్టమంటే కుట్టిచ్చేవాడు. కుట్టివ్వడం గొప్ప కాదు. ఆ ప్యాంటు వేసుకున్న ఏనుగు నిలువుటద్దం ముందు అటు తిరిగి, ఇటు తిరిగి, 'ఈమధ్య కాస్త చిక్కినట్టున్నానే' అనుకుని తొండం ఊపుకుంటూ వెళ్ళేది. అంతటి పనివాడు. ఏనుగులెందుకో ఆ వీధికి రాలేదు గానీ, వచ్చిన మనుషుల్లో వాటికి తీసిపోనివాళ్ళు చాలామందే ఉన్నారు. వాళ్ళందరినీ తాతయ్య కత్తెరతోనే సన్నబరిచాడు. జేబు కాస్త వెనక్కి జరిపి, నడుము పట్టీ ముందువైపు కొంచెం దించి, చారల గుడ్డయితే చారల్ని నిలువుగా నిలబెట్టి, ఎంతటి పొట్టనైనా మాయం చేసేవాడు. ఆయనకు లొంగని పొట్ట లోకంలో ఒక్కటే మిగిలింది. అది ఆయనదే.

కొట్టు మేడమెట్ల కింద ఉన్న పొడుగాటి గది. ముందు కటింగ్ టేబులు, వెనక రెండు మిషన్లు, ఓ మూల ఇస్త్రీ బల్ల, ఇంకో మూల ట్రయలు చూసుకోవడానికి పరదా. ఒక మిషన్ తాతయ్యది, రెండోది ఆయన కూతురిది, అంటే మా అమ్మది. తాతయ్య కొలతలు తీస్తుంటే కూతురు రాసుకునేది.

ఆ కొలతలు చెప్పడంలో తాతయ్యకు ఒక పద్ధతి ఉంది. టేపు పట్టినవాడు అంకె పైకి చెప్పాలి, లేకపోతే రాసేవాళ్ళకు వినబడదు. కానీ లావుపాటి మనిషికి తన నడుము అంకె నలుగురి మధ్యా వినబడితే తల కొట్టేసినట్టుంటుంది. అందుకని తాతయ్య నలభై ఉన్న నడుమును ముప్పై ఎనిమిది అనేవాడు, ఆ వెంటనే రెండుసార్లు దగ్గేవాడు. ఒక్కో దగ్గుకు ఒక్కో అంగుళం. కూతురు మొహంలో ఏమీ కనబడనివ్వకుండా నలభై వేసుకునేది. వచ్చినవాళ్ళు హాయిగా నవ్వుకుంటూ వెళ్ళేవాళ్ళు. "మాస్టారూ, ఆ దగ్గుకు ఏదన్నా మందు పుచ్చుకోండి" అని పోస్టుమాస్టరు ప్రతి జతకూ ఒకసారి చెప్పేవాడు.

ఇలా ఊరివాళ్ళ పొట్టలు దాస్తూ దాస్తూ తన పొట్టను తాతయ్య పట్టించుకోలేదు. అది మాత్రం ఆయన్ని బాగా పట్టించుకుంది. టేబులు మీద గుడ్డ పరిచి సుద్దతో గీత గీసేవాడా, కత్తిరించడానికి ముందుకు వంగేసరికి పొట్ట వచ్చి ఆ గీతను శుభ్రంగా తుడిచేసేది. షర్టు మీద అడ్డంగా ఒక తెల్లటి చార మాత్రం మిగిలేది. "ఈమధ్య సుద్దలు నాసిరకం వస్తున్నాయి" అనేవాడు. ఆడలేక మద్దెల ఓడంటే ఇదే. కూతురు ఆ గీత మళ్ళీ గీసిపెట్టేది.

ఇది ఎన్నాళ్ళు నడిచేదో గానీ, ఒకరోజు పోస్టుమాస్టరు ప్యాంటు కొలతలకు వచ్చాడు. నడుమయింది, దగ్గయింది. కాలి పొడవు తీయడానికి తాతయ్య మోకాలి మీద కూర్చున్నాడు. కొలత తీశాడు, చెప్పాడు. లేవబోయాడు. లేవలేదు. ఏదో వెతుకుతున్నట్టు నేలంతా చూశాడు. మళ్ళీ ప్రయత్నించాడు. పట్టుకోవడానికి ఏమీ అందక ఎదురుగా ఉన్న పోస్టుమాస్టరు ప్యాంటే పట్టుకున్నాడు. అది జారబోయింది. ఆ పెద్దమనిషి ఒక చేత్తో ప్యాంటూ, రెండో చేత్తో తాతయ్య చంకా పట్టుకుని, ఆయాసపడుతూ పైకి లేపాడు.

"కొలతలిద్దామని వస్తే తూకం వేయించారే మాస్టారూ" అన్నాడు.

పరదా వెనక ట్రయలు చూసుకుంటున్న మనిషి నవ్వు వినబడింది. తాతయ్య చెవులు ఎర్రబడ్డాయి. ఆ పూటంతా మిషన్ మీద వంచిన తల ఎత్తలేదు. కుట్టిన కాలరు రెండుసార్లు విప్పి మళ్ళీ కుట్టాడు.

డాక్టరు దగ్గరికి అమ్మమ్మే లాక్కెళ్ళింది. బరువు తగ్గకపోతే మోకాళ్ళు పనిచేయవని డాక్టరు చెప్పాడు. ఆరుబయట, చెమట పట్టేలా నడవమన్నాడు. కొట్టులో టేబులు చుట్టూ తిరగడం నడక కిందికి రాదని కూడా చెప్పాడు, తాతయ్య అదే అడిగాడు కాబట్టి.

అసలు దెబ్బ కూతురి దగ్గర తగిలింది. బడి తెరిచే ముందు పిల్లల యూనిఫాం కొలతలు తీయడం ఏటా తాతయ్య పని. బడి వరండాలో పిల్లలు వరుసగా నిలబడితే, ఒక్కొక్కరి ముందూ వంగి, కూర్చుని, లేచి కొలవాలి. ఆ వీధిలో సగంమంది మొదటి నిక్కరు కొలత ఆయన చేతుల్లోదే. అది ఆయనకు పని కాదు, పట్టాభిషేకం.

"ఈసారి బడికి నేను వెళ్తా నాన్నా" అంది కూతురు, మిషన్ ఆపకుండానే.

"నువ్వెందుకు? నా చేతులకేమొచ్చింది?"

"చేతులకేం రాలేదు. మోకాళ్ళకొచ్చింది."

"పోస్టుమాస్టరు సంగతేనా? ఆవేళ నేల నున్నగా ఉంది. కాలు జారింది."

"జారితే పడాలి. నువ్వు అసలు కదల్లేదు కదా."

కూతురు మిషన్ ఆపింది. "ఇక్కడ నలుగురే చూశారు. అక్కడ బడంతా చూస్తుంది. పిల్లలు నవ్వితే నువ్వు ఓర్చుకుంటావేమో, నేను ఓర్చుకోలేను. ఒక పని చెయ్. బడి తెరిచేలోగా తగ్గు. ఆరోజు వరండాలో దేన్నీ పట్టుకోకుండా కూర్చుని లేస్తే టేపు నీ మెళ్ళోనే ఉంటుంది. లేవలేకపోతే నా మెళ్ళో వేసెయ్."

"సరే" అన్నాడు. మెళ్ళో టేపును గట్టిగా పట్టుకుని మరీ అన్నాడు.

నడవడానికి ముందు తాతయ్య ఒక నడక ప్యాంటు కుట్టుకున్నాడు. లోకంలో అందరూ వదులుగా, ఏదో ఒక సంచిలో దూరినట్టుండేవి వేసుకుని నడుస్తారు. ఈయన దానికి నాలుగు జేబులు, బెల్టు పట్టీలు పెట్టి, కత్తిలాంటి ఇస్త్రీ గీత దించాడు. అమ్మమ్మ గుమ్మంలో నిలబడి ఎగాదిగా చూసింది.

"నడకకా, ఫొటో దిగడానికా?"

"మనిషి బయటికెళ్తే మర్యాదగా ఉండాలి."

"మర్యాదగా చెమట పట్టించుకుని రండి."

పార్కు దాకా వెళ్ళకుండానే మందులషాపాయన పలకరించాడు. "ఏం మాస్టారూ, వాకింగా?"

మామూలు పలకరింపే. కానీ గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు తాతయ్య చెయ్యి పొట్ట మీదికి వెళ్ళింది. 'పొట్ట పెరిగిందట, తగ్గించుకోవడానికి తిరుగుతున్నాడట' అని వీధి వీధంతా అనుకుంటున్నట్టు తోచింది. "కాదండీ, దారం తెచ్చుకుందామని" అని, నిజంగానే దారం కొనుక్కుని ఇంటికొచ్చేశాడు.

మర్నాడు ఆయనకో ఉపాయం తట్టింది. కుట్టి ఇస్త్రీ చేసిన షర్టొకటి కాగితంలో చుట్టి చంకలో పెట్టుకుని బయల్దేరాడు. ఎవరడిగినా "డెలివరీ" అన్నాడు. అడిగినవాళ్ళు పొట్ట వైపు కాక పొట్లం వైపు చూశారు. ఆ చల్లని ఉదయాన తాతయ్య తల ఎత్తుకుని నడిచాడు.

అయితే, షర్టు పట్టుకుని స్వయంగా గుమ్మంలోకొచ్చిన మాస్టారును ఎవరు మాత్రం నిలబెట్టి పంపుతారు? "అయ్యో, మీరే వచ్చారా" అని కుర్చీ వేశారు. టీ ఇచ్చారు. టీతో బిస్కెట్లు ఇచ్చారు. వద్దంటే బాగుండదని తిన్నాడు. ఒకటే తింటే ఇంకా బాగుండదని ఇంకోటి తిన్నాడు. మాస్టారు ఇంటికి తెచ్చి ఇస్తున్నారని తెలిశాక కొట్టుకొచ్చి బట్టలు తీసుకెళ్ళడమే మానేశారు జనం. డెలివరీలు పెరిగాయి, వాటితో బిస్కెట్లూ పెరిగాయి. ఇవ్వడానికేమీ లేని రోజున తన షర్టే పొట్లం కట్టి తిప్పేవాడు. మూడోసారి అదే పొట్లంతో కనబడేసరికి మందులషాపాయన జాలిపడ్డాడు. "ఆ షర్టాయన ఇల్లు ఇంకా దొరకలేదా మాస్టారూ?"

కొన్ని వారాలు గడిచాయి. తాతయ్యకు తను తేలికపడ్డట్టే అనిపించింది. మొదట్లో తన నడుము తనే కొలుచుకుంటే నలభై ఆరు వచ్చింది. ఇప్పుడు ఎంత తగ్గిందో కూతురే తన కళ్ళతో చూడాలని కొట్టు మూసేముందు రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డాడు. ఊపిరి బిగబట్టాడు.

"ఊపిరి వదులు నాన్నా."

వదిలాడు. కూతురు టేపు చుట్టింది. అంకె చూసింది. మళ్ళీ చూసింది.

"నలభై ఐదు."

తాతయ్య మొహం వెలిగిపోయింది. పరదా పక్కన కూర్చున్న అమ్మమ్మ వైపు, చూశావా అన్నట్టు తిరిగాడు.

అప్పుడు కూతురు దగ్గింది. ఒకసారి. తర్వాత ఇంకోసారి.

కావాలని దగ్గలేదు. ఇన్నేళ్ళ అలవాటు. అంకె తగ్గించి చెప్పగానే గొంతు దాని పని అది చేసుకుపోయింది. ఆ రాత్రికి తిండి సహించని వార్త ఆ రెండు దగ్గుల్లో ఉంది. నలభై ఏడు. నడిచి నడిచి ఒక అంగుళం సంపాదించాడు.

తాతయ్య చేతులు మెల్లగా కిందికి దిగాయి. పొట్ట సంగతి కాదు ఆయన్ని కుంగదీసింది. అద్దం ముందు నిలబెట్టి, చిన్న అబద్ధం చెప్పి ఇన్నాళ్ళూ తను సాగనంపినవాళ్ళ వరుసలోకి తనూ వచ్చేశాడు. కూతురు తనమీద జాలిపడింది. అదీ తను నేర్పిన జాలే.

"అమ్మా" అన్నాడు కూతురితో. "ఈ దగ్గు సంగతి... వచ్చేవాళ్ళెవరికైనా తెలుసా?"

కూతురు టేపు చుట్టుకుంటూ కూర్చుంది. "అందరికీ తెలుసు నాన్నా."

"పోస్టుమాస్టరుకి?"

"మందు పుచ్చుకోమని ఊరికే అంటాడా?"

తాతయ్య నిలువుటద్దానికి వీపు పెట్టి నిలబడ్డాడు. ఇన్నేళ్ళూ తను వాళ్ళ పరువు కాపాడుతున్నాననుకున్నాడు. వాళ్ళే తన మాట పోనివ్వకుండా తెలియనట్టు నవ్వి వెళ్ళారన్నమాట. సిగ్గుపడటం ఎక్కడినుంచి మొదలెట్టాలో కూడా ఆయనకు తెలియలేదు.

మర్నాడు పొట్లం లేకుండా బయల్దేరాడు. చేతులు ఖాళీగా ఉంటే ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నాలుగు జేబుల్లోకీ మార్చి మార్చి పెట్టుకున్నాడు. మందులషాపాయన "డెలివరీనా మాస్టారూ?" అన్నాడు.

"కాదు. పొట్ట తగ్గడానికి."

చెప్పేశాడు గానీ, ఆ మూల మలుపు తిరిగేదాకా వీపు మంటెక్కుతూనే ఉంది. పార్కులో దారి గుండ్రంగా ఉంటుంది. వెనకొచ్చినవాళ్ళంతా దాటిపోయారు. చేతికర్ర పట్టుకున్న ముసలావిడ కూడా "కాస్త జరుగు నాయనా" అని దాటిపోయింది. ఒక మలుపులో పోస్టుమాస్టరు ఎదురయ్యాడు. తాతయ్యను చూడగానే ఆయన దొంగకు తేలు కుట్టినట్టు గబుక్కున బెంచీ మీద కూర్చుని పేపరు విప్పాడు. నుదుటి మీద చెమట ధారగా కారుతోంది.

తాతయ్య ఆయన ముందు ఆగాడు. చిన్నగా దగ్గాడు.

పోస్టుమాస్టరు పేపరు మడిచాడు. "నా దగ్గు తర్వాత లెక్కపెడుదురుగాని, పదండి" అని లేచాడు. ఇద్దరూ నడిచారు. మాట్లాడటానికి ఊపిరి లేదు.

ఆ తర్వాత తాతయ్య ఒక్కరోజు కూడా మానలేదని రాస్తే బాగుంటుంది. మానాడు. వాన పడబోతోందని ఒకసారి, పడి వెలిసిందని ఒకసారి మానాడు. కానీ మళ్ళీ వెళ్ళాడు, ఖాళీ చేతులతోనే. ఈలోగా బడి తెరిచే రోజు వచ్చేసింది.

వరండాలో పిల్లలు వరుస కట్టారు. పెద్ద టీచరమ్మ, కూతురు, ఇంకా ఇద్దరు టీచర్లు పక్కన నిలబడ్డారు. మొదట చిన్న తరగతి. తాతయ్య నేలమీద చతికిలబడి, ఒక్కొక్కరినీ దగ్గరికి పిలిచి కొలిచాడు. నిలబడ్డ పిల్లలూ, కూర్చున్న తాతయ్యా ఒకే ఎత్తు. పని చకచకా సాగింది. ఒక పిల్ల కొలతలయ్యాక కదలకుండా ఆయన షర్టు వైపే చూసింది.

"తాతా, నీ పొట్ట మీద సుద్ద గీత ఉంది."

వరుసంతా కిలకిలలాడింది. తాతయ్య ఆ గీతను చేత్తో కప్పలేదు. "అవునమ్మా, టేబులు గీసింది" అన్నాడు.

తర్వాత పెద్ద తరగతి. వాళ్ళ భుజాలు కొలవాలంటే లేవాలి. తాతయ్య ఒక చెయ్యి నేలకు ఆనించాడు. మోకాలు లేచింది. ఆ మోకాలి మీద రెండో చెయ్యి వేసి బరువంతా ఎత్తాడు. సగం దాకా వచ్చాడు. ఆ సగంలో ఆగి, వణికి, మళ్ళీ కూర్చుండిపోయాడు. నవ్వుతారనుకున్న పిల్లలు నవ్వలేదు. అది ఇంకా ఘోరంగా ఉంది.

"కుర్చీ తెప్పించమంటారా?" అంది పెద్ద టీచరమ్మ మెల్లగా.

తాతయ్య ఎవరి మొహమూ చూడలేదు. పక్కకు చెయ్యి చాచాడు. కూతురు వచ్చి పట్టుకుంది. లేచాడు. లేచాక మెళ్ళోంచి టేపు తీసి, ఆమె మెళ్ళో వేసి, రెండు కొసలూ సమంగా ఉన్నాయో లేదో చూసి సర్దాడు. పెన్ను తీసుకుని కుర్చీలో కూర్చున్నాడు. చెవులు కాలిపోతున్నాయి.

కూతురు కొలుస్తోంది, తాతయ్య రాస్తున్నాడు. మధ్యలో ఒక బొద్దు పిల్లాడు వచ్చాడు. వెనకున్నవాళ్ళు ఒకర్నొకరు మోచేతులతో పొడుచుకున్నారు. పిల్లాడు ఊపిరి బిగబట్టి పైకప్పు చూస్తూ నిలబడ్డాడు.

"ఇరవై ఎనిమిది" అంది కూతురు, అందరికీ వినబడేలా. మూడుసార్లు దగ్గింది.

తాతయ్య తల వంచుకుని ముప్పై ఒకటి వేశాడు. పిల్లాడు ఊపిరి వదిలి, ఛాతీ విరుచుకుని వరుసలోకి వెళ్ళిపోయాడు.

ఇప్పుడు టేపు కూతురి మెళ్ళోనే ఉంటుంది. తాతయ్య గీతలు గీస్తాడు, కత్తిరిస్తాడు, పొద్దున్నే ఇస్త్రీ గీత ప్యాంటు వేసుకుని పోస్టుమాస్టరుతో పార్కు చుట్టూ ఆయాసపడతాడు. పొట్లం మళ్ళీ ముట్టుకోలేదు. టేబులుకు ఆనకుండా మాత్రం ఇంకా వంగలేడు.

ఇదంతా రాసి నేను చదివి వినిపిస్తుంటే ఆయన కాజాలు కుడుతూ, ఏనుగు దగ్గర ఒకసారి, పోస్టుమాస్టరు ప్యాంటు దగ్గర ఒకసారి మూతి తిప్పాడు. చివరికొచ్చాక, "తాతయ్యా, నీ నడుము ఇప్పుడెంతని రాయను? మర్యాదగా నలభై నాలుగు వేసి ఊరుకోనా?" అని అడిగాను.

సూది ఆపకుండానే అన్నాడు.

"నలభై ఐదున్నర. దగ్గకుండా రాయి."