చాదర్‌ఘాట్ బస్సులో సంచి

అరవైల్లో మాట. అన్నయ్య కేసు కాగితాల సంచితో, వారం రోజులుగా నిద్రలేని కళ్లతో, నాంపల్లి కోర్టుకు వెళ్లాలని చాదర్‌ఘాట్‌లో బస్సెక్కాను. నిలబడటానికే చోటు లేదు. సీట్లో కూర్చున్న ఓ ముసలామె నా సంచి పట్టుకుని లాగింది. దొంగేమోనని రెండు చేతులతో గుండెకు అదుముకున్నాను. గన్‌ఫౌండ్రీ దగ్గర బ్రేకు పడగానే ఆమె మీదే పడ్డాను.

“సంచి నాకియ్యి బిడ్డా, నువ్వు కడ్డీ పట్టుకో. అన్నీ ఒక్కదానివే మోస్తవా ఏంది?”

ఇచ్చాను గానీ, ఆమె చేతుల మీంచి చూపు తిప్పలేదు.

“గట్లెందుకు చూస్తవ్? నీ సంచిని తింటనా?”

నాంపల్లిలో దిగగానే విప్పి చూసుకున్నాను. కాగితాలన్నీ ఉన్నాయి.

ఇప్పుడు సీటు దొరికితే, నిలబడ్డవాళ్ల సంచి నేనే అడుగుతాను. కొందరు దొంగను చూసినట్టే చూస్తారు. చాచిన చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోను.