దిదాస్ ఎడమ చెవి

ప్రెసిడెంట్ ఆ మాట అన్నప్పటి నుంచీ దిదాస్ కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. ప్రెసిడెంట్ అంటే దేశాన్నేలేవాడు కాదు. మా కిన్షాసాలో బ్యాండు పెట్టిన ప్రతివాడూ ప్రెసిడెంటే. ఈయన పేరు ఎలాంగా. పాట పాడతాడు, పొట్ట ముందు నడుస్తుంటే తాను వెనక నడుస్తాడు. ఆయన బ్యాండులో మొదటి గిటారు దిదాస్‌ది. శనివారం గోంబేలో పెద్దింటి పెళ్ళి ఒప్పుకున్నారు. స్టేజీ మీద మోత తగ్గాలని హాలు వాళ్ళు గట్టిగా చెప్పారు. దాంతో ప్రెసిడెంట్ బ్రస్సెల్స్‌లో ఉన్న బావమరిదిని పీడించి ఇయర్‌ఫోన్లు తెప్పించాడు.

"కాళ్ళ దగ్గర స్పీకరు బాక్సు కావాలో, చెవుల్లో ఇయర్‌ఫోన్లు కావాలో ఎవరికి వాళ్ళు తేల్చుకోండి," అన్నాడు. "కానీ బాక్సు కావాలన్నవాడు సౌండు సగానికి తగ్గించుకోవాలి. దిదాస్, నిన్నే అంటున్నా. పోయినసారి నీ బాక్సు మోతకి పెళ్ళికూతురు చెవులు మూసుకుంది."

అందరూ నవ్వారు. దిదాస్ కూడా నవ్వాడు. నవ్వక ఏం చేస్తాడు? అతని ఎడమ చెవి పోయిందని అక్కడ ఎవరికీ తెలియదు. అని అతని నమ్మకం.

చెవి ఒక్కనాడు పోలేదు. సొంతూరు మటాడీ నుంచి వచ్చి గిటారు పట్టిన నాటి నుంచీ అతను స్టేజీకి ఎడమ కొసన, డ్రమ్ముల పక్కనే నిలబడ్డాడు. తాళాల దెబ్బ సరిగ్గా ఆ చెవి మీదే పడేది. మొదట్లో రోజంతా టీ కెటిల్ కూసినట్టు ఒక కూత ఉండేది. తరవాత ఆ కూతా పోయింది, దానితో పాటే లోకంలో ఆ పక్కనున్న సగమూ పోయింది. ఆనాటి నుంచి అతను పడని తిప్పలు లేవు. బస్సులో కిటికీ ఎడమపక్క ఉండేలా కూర్చుంటాడు. బారులో గోడను ఎడమపక్కకు తీసుకుంటాడు. ఇంట్లో మాత్రం భార్య న్‌జేబా ఎడమవైపే పడుకుంటుంది.

"ఓరెలీ వాళ్ళ నాన్నా, నీతో మాట్లాడే కంటే వంటగదిలో కుండతో మాట్లాడితే నయం. అదైనా తిరిగి మోగుతుంది," అంటుంది ఆవిడ.

చెప్పేస్తే పోయేదానికి ఇంత అవస్థ దేనికని మీరడగొచ్చు. చెవిటివాణ్ణి మొదటి గిటారుగా ఎవరు పెట్టుకుంటారు? మా పాటల సంగతి మీకు తెలిసిందే. సగం దాకా ప్రేమా కన్నీళ్ళూ, ఆ తరవాత సెబెన్. మాటలు ఆగిపోయి గిటార్లు పరుగందుకుంటాయి, కూర్చున్నవాళ్ళు లేస్తారు. దోమల మందు డబ్బాలో గింజలు పోసి గలగలలాడిస్తూ, కేకలతో ఆట నడిపించే అటలాకు అనేవాడు ఒక కేక వేస్తాడు. ఆ కేక మీద మొదటి గిటారు మార్పు ఎత్తుకోవాలి, దాని వెంటే ఆట మారాలి. రెప్పపాటు ఆలస్యమైతే స్టేజీ మీద ఆడే పిల్లల కాళ్ళు ఒకదానికొకటి తగులుకుంటాయి. అలాంటివాణ్ణి ఏ ప్రెసిడెంటూ పాత స్నేహం చూసి ఉంచుకోడు.

పైగా కుర్చీకి వారసుడు సిద్ధంగా ఉన్నాడు. రెండో గిటారు మపుయా, ముప్పయ్యేళ్ళవాడు, చర్చి బ్యాండు నుంచి వచ్చాడు, నోట్లో నాలుక లేనట్టుంటాడు. అలాంటివాళ్ళంటేనే దిదాస్‌కు భయం. "ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటారు, నీలాంటివాణ్ణి చూసే పుట్టుంటుందిరా ఆ మాట," అని వాడి మొహం మీదే అనేవాడు. సెబెన్‌లో వాడు తన మీద మీద పడుతున్నాడనీ, తొందరపడుతున్నాడనీ తిట్టని రిహార్సల్ లేదు. వాడు తల వంచుకుని "సరే అన్నా" అనేవాడు.

ఇప్పుడేం ఎంచుకోవాలి? బాక్సును కుడిపక్కకు తిప్పి పెద్దగా పెట్టుకుంటేనే ఇన్నాళ్ళూ బతుకు సాగింది. సౌండు సగానికి తగ్గిస్తే ఏమీ వినపడదు. ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే రెండింట్లో ఒకటి దండగ. ఒక్క కుడిదే పెట్టుకుని ఎడమది మెడకు వేలాడేస్తే? సౌండు మిక్సర్ దగ్గర కూర్చునే రిషార్‌ను మాటల్లో పెట్టి, ఎవరి సంగతో అడిగినట్టు అడిగాడు.

"ఒక్కటే పెట్టుకునేవాడు దాన్ని పెంచుకుంటూ పోతాడు అన్నా. ఆ చెవి కూడా పోతుంది," అన్నాడు రిషార్. "ఎవరికోసం?"

"మా మేనల్లుడు. మటాడీలో."

"ఒక చెవి పోయినవాడైతే అన్నీ కలిపి మంచి చెవిలోకే పంపొచ్చు. నాకు చెప్తే రెండు నిమిషాల పని."

చెప్తే! అదే కదా తంటా. అన్నం సయించలేదు. చిక్వాంగా ముద్ద చేతిలో పట్టుకుని అటూ ఇటూ నడిచాడు. బాక్సంటే చేతగానివాడినంటారు, ఇయర్‌ఫోన్లంటే చేతగానితనం బయటపడుతుంది. చివరికి ఇయర్‌ఫోన్లే మేలనుకున్నాడు. కనీసం శబ్దం కోసం మెడ తిప్పడం ఎవరి కంటా పడదు. తప్పు జరిగితే కొత్త సరుకు మీదకు నెట్టెయ్యొచ్చు.

బందాల్‌లో బారు వెనక పెరట్లో రిహార్సల్, ఆడే పిల్లలు కూడా వచ్చారు. మిట్టమధ్యాహ్నం, కరెంటు వచ్చిందన్న సంబరంలో అందరూ గబగబా తగిలించుకున్నారు. "నువ్వు ఎడమపక్క నిలబడతావు కాబట్టి నీ గిటారు ఎడమ చెవిలో, మపుయాది కుడి చెవిలో పెట్టా అన్నా. హాయిగా విడివిడిగా వినిపిస్తాయి," అన్నాడు రిషార్, మేలు చేసినవాడిలా. కాదంటే ఎందుకని అడుగుతారని దిదాస్ ఊరుకున్నాడు.

ప్రెసిడెంట్ ఏడవాల్సిందంతా పాటలో ఏడ్చాడు. సెబెన్ మొదలైంది. దిదాస్ కళ్ళు మూసుకుని తీగల మీద పడ్డాడు. ఆశ్చర్యం! వినిపిస్తోంది. తన గిటారు, తన వరస, వరస చివర తాను తిప్పే మెలికతో సహా, కడిగిన గాజులా వినిపిస్తోంది. అటలాకు బిసెంగో కేక వేశాడు. కేక నోరు దాటేలోగా మార్పు పడింది. ఇంకో కేక, ఇంకో మార్పు. రిషార్ పొరపాటున తీగలు తారుమారు చేసి ఉంటాడు, దేవుడు వాడి కడుపు చల్లగా చూడాలి! ఈ వయసులో నేనింత బాగా వాయిస్తున్నానా? ఇన్నాళ్ళూ ఈ ఇయర్‌ఫోన్లను తిట్టానే! దిదాస్‌కు కళ్ళు చెమర్చాయి.

చెమటకు కుడి చెవిలోది జారింది. దాన్ని లోపలికి నెట్టడానికి కుడి చెయ్యి పైకెత్తాడు.

గిటారు ఆగలేదు.

అదే వరస, అదే మెలిక, సాగిపోతూనే ఉంది. దిదాస్ చెయ్యి గాలిలో ఉండగానే బిసెంగో, అలవాటు ప్రకారం, "దిదాస్! దిదాస్! వేళ్ళు కావురా అవి, నిప్పులు!" అని అరిచాడు. దిదాస్ మెల్లగా అటు చూశాడు. మపుయా తల వంచుకుని వాయిస్తున్నాడు.

సెబెన్ మధ్యలో ఆపే హక్కు ప్రెసిడెంట్‌కు తప్ప ఎవరికీ లేదు. దిదాస్ ఇయర్‌ఫోన్లు పీకేసి "ఆపండి!" అన్నాడు. అందరూ ఆపారు.

"నా వరస ఎన్నాళ్ళ నుంచి వాయిస్తున్నావురా?"

మపుయా ప్రెసిడెంట్ వైపు చూశాడు. ప్రెసిడెంట్ పొట్ట నిమురుకున్నాడు.

"నేనే చెప్పాను," అన్నాడు. "నీకు కేక అందడం లేదని ఏనాడో తెలుసు. వాణ్ణి ఒక్క పిసరు ముందు ఎత్తుకోమన్నాను. డ్రమ్ములు వాణ్ణి పట్టుకుని నడుస్తాయి, నువ్వు డ్రమ్ముల్ని పట్టుకుని నడుస్తావు. జనం నీ పేరు చూసి వస్తారయ్యా. నీ చెవి చూసి కాదు."

"అందరికీ తెలుసా?"

బిసెంగో డబ్బాను నిశ్శబ్దంగా పట్టుకోవాలని చూశాడు గాని గింజలు గలగలమన్నాయి.

దిదాస్‌కు సిగ్గేసింది. తాను బస్సులో, బారులో ఆడిన నాటకాలన్నీ వీళ్ళు చూస్తూనే ఉన్నారు. మీద మీద పడుతున్నావని తాను తిట్టింది, తనను పడిపోకుండా పట్టుకున్న చేతిని.

"నన్ను అన్ని మాటలంటుంటే ఒక్కసారైనా తిరిగి అనలేకపోయావురా?"

"అనాలనే ఉండేది అన్నా," అన్నాడు మపుయా. "ఇంటికెళ్ళి మా ఆవిడ దగ్గర అనేవాణ్ణి. నిన్ను తిట్టడం ఇప్పుడు నాకంటే దానికే బాగా వచ్చు."

బిసెంగో పక్కున నవ్వి నాలిక కరుచుకున్నాడు. దిదాస్ నవ్వలేదు. గిటారు దించి వెళ్ళిపోదామనుకున్నాడు, గేటు వైపు నాలుగడుగులు వేశాడు కూడా. మళ్ళీ వెనక్కి వచ్చాడు.

"రిషార్! నాకు ఎడమ చెవి లేదు. ఇద్దరివీ కుడిలోనే పెట్టు."

పెట్టాక అసలు సంగతి తెలిసింది. మపుయా ముందు పడుతున్నాడు, తాను వెనక పడుతున్నాడు. ఆ ఎడం చిన్నదే, కానీ ఒకసారి విన్నాక వినకుండా ఉండలేడు. "నువ్వు కాసేపు ఆగరా," అని ఒక్కడే వాయించి చూశాడు. మొదటి కేక అందింది. రెండోది అందలేదు. మూడోది అందింది గాని ఆలస్యంగా. అప్పటికి ఆడే పిల్లలు ఒకరి మీద ఒకరు పడ్డారు.

"సరే," అన్నాడు దిదాస్. "మార్పు నువ్వే ఎత్తుకో మపుయా. ముందు నిలబడి. నేను నీ వెనక వస్తాను. బిసెంగో, ఇకనుంచి నా పేరు కాదు, వాడి పేరు అరవాలి."

"పెళ్ళివాళ్ళు నీ పేరు అడుగుతారయ్యా," అన్నాడు ప్రెసిడెంట్.

"అడగనీ. స్టేజీ మీదే ఉంటానుగా, చూస్తారు."

శనివారం గోంబేలో పెళ్ళిజనమంతా లేచి ఆడుతున్నారు. సెబెన్ నిప్పు రాజుకుంది. బిసెంగో డబ్బా ఊపి, గాలి పీల్చి, "మపుయా! మపుయా!" అని కేక పెట్టాడు. తన పేరు అలా స్టేజీ మీద ఎన్నడూ వినని మపుయా ఉలిక్కిపడ్డాడు, వేలు తీగ తప్పింది. ఆటలో ఒక్క కాలూ తడబడలేదు. ఆ వరసను దిదాస్ వెనక నుంచి వాయిస్తూనే ఉన్నాడు.